సిపాయికిచ్చిన సైకిలు

సోఫాలు బాగుచేసే మేస్త్రీకి చచ్చిపోయిన ఒక మనిషంటే అసూయ. పైకి చెప్పుకోలేని అసూయ. బతికున్నవాడి మీద కుళ్ళుకుంటే నలుగురి దగ్గరా తిట్టిపోసుకోవచ్చు, ఎదురుపడితే మొహం తిప్పుకోవచ్చు. ఇతనేమో దేశం కోసం ప్రాణమిచ్చిన సిపాయి. ముందుగది గోడ మీద, టోపీ ఒక పక్కకి వంచుకుని, నవ్వాలో వద్దో తేల్చుకోలేనట్టు చూస్తుంటాడు. ఆ ఫొటో తగిలించడానికి మేకు కొట్టింది మేస్త్రీయే.

సిపాయి అతని భార్యకు మొదటి భర్త. సరిహద్దు కొండల మీద టెలిఫోను తీగల పని చూసేవాడు. ఫిరంగి గుళ్ళు పడుతుండగా తెగిన తీగను కలపడానికి వెళ్ళాడు. కలిపాడు. తిరిగి రాలేదు. అప్పటికి కూతురు ఇంకా పాకడం కూడా నేర్చుకోలేదు.

ఆ తర్వాత ఆమె కుట్టుమిషను నమ్ముకుని అత్తగారినీ పిల్లనూ సాకింది. మేస్త్రీ దుకాణానికి దిండు గలేబులు, కుర్చీ తొడుగులు కుట్టి తెచ్చేది. కుట్టు ఎక్కడా వంకర పోయేది కాదు. మేస్త్రీ మొదట ఆ కుట్టును మెచ్చుకున్నాడు, తర్వాత ఆ చేతుల్ని. ఇంకొన్నాళ్ళకు ఆమె రాని రోజున అతనికి పని మీద ధ్యాస నిలవడం మానేసింది. పెళ్ళి మాట ఎత్తితే ఆమె ఒక్కటే చెప్పింది.

“అత్తయ్యని వదిలి రాను.”

“వదలమన్నదెవరు? ఇంకో కుర్చీ వేసుకుంటాం. కుర్చీలకి నాకేం కొదవ?” అన్నాడు మేస్త్రీ.

అలా ముగ్గురు వచ్చారు. నాలుగో మనిషి దుప్పట్లో చుట్టుకుని వచ్చాడు. దుప్పటి విప్పి, ఫొటో చేతికిచ్చి, “ఇదెక్కడ పెడదామండీ?” అని భార్య అడిగితే మేస్త్రీ మహా హుందాగా, “ముందుగదిలోనే, అందరికీ కనపడేట్టు” అన్నాడు. అంత హుందాతనం ఎందుకు ఒలకబోశానా అని ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు తనను తానే తిట్టుకున్నాడు.

ఎందుకంటే ఫొటోలోని మనిషితో నెగ్గడం కుదిరే పని కాదు. మేస్త్రీ జుట్టు పలచబడింది, పొట్ట ముందుకొచ్చింది, వంగి పనిచేసీ చేసీ నడుము పట్టేస్తోంది. ఫొటోలోని కుర్రాడు మాత్రం అలాగే ఉన్నాడు. అతను గురక పెట్టడు. పాలు తెమ్మంటే మరిచిపోడు. తడి కాళ్ళతో తుడిచిన నేల తొక్కడు. భార్య పొద్దున్నే లేచి పొడిగుడ్డతో ఆ అద్దం తుడుస్తుంటే మేస్త్రీ మంచం మీంచే కళ్ళు చిట్లించి చూసేవాడు. ఎంతసేపు తుడుస్తోంది? మూలలు కూడా తుడుస్తోందా? తుడుస్తూ ఏమైనా అనుకుంటోందా? ఆమె ఎప్పుడూ ఆ మనిషి గురించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. తిట్టేది కాదు, పొగిడేది కాదు. అదే మేస్త్రీని ఎక్కువ కాల్చేది. మాటల్లో పెట్టలేనంత ఇష్టమైతేనే మనిషి అలా నోరు కుట్టేసుకుంటాడని అతని నమ్మకం.

పిల్లను అందరూ పిచ్చుక అంటారు. పదమూడేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు. అది మేస్త్రీని “నాన్నా” అంటుంది, “నువ్వు” అంటుంది. ఫొటోలోని మనిషి మాత్రం “నాన్నగారు”. ఆ ‘గారు’ కూడా మేస్త్రీకి ముల్లులా గుచ్చుకునేది. ఇంటికి వచ్చిన చుట్టాలు ఒకసారి ఫొటో వైపు, ఒకసారి అతని వైపు చూసి, “నీది పెద్ద మనసయ్యా” అనేవాళ్ళు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది. తనేదో ధర్మం చేసినట్టు! ఆవిడంటే తనకి పిచ్చి ప్రేమని ఒక్కడికీ తట్టదేం?

ఒకసారి ఉండబట్టలేక పక్క దుకాణం వడ్రంగి దగ్గర నోరు జారాడు. వడ్రంగి పడీపడీ నవ్వాడు.

“పోయినవాడితో పోటీ ఏంట్రా నీకు? వాడు పందెంలోనే లేడు కదా.”

“లేడు కాబట్టే గెలుస్తున్నాడు,” అన్నాడు మేస్త్రీ.

కుళ్ళు అతనొక్కడిదే కాదు. సిపాయి తల్లి కూడా తక్కువ తినలేదు. ముసలావిడ మేస్త్రీ పెట్టింది తినేది, అతను స్ప్రింగులు మార్చి మెత్తగా చేసిచ్చిన కుర్చీలో కూర్చునేది, కానీ ఇన్నేళ్ళలో అతని చెయ్యి పట్టుకుని నడిచింది లేదు. మెట్లెక్కేటప్పుడు అతను చెయ్యి అందిస్తే గోడ పట్టుకునేది. సాయంత్రం పూట అతను సోఫాలో కూలబడితే, “కాస్త జరుగవయ్యా, వాడు కనపడట్లేదు” అనేది. తన కొడుకు తినవలసిన వయసంతా ఇతను తింటున్నాడని ఆవిడ బాధ. అతని నెత్తి మీద తెల్లవెంట్రుక కనపడ్డా, కొడుక్కి దక్కనిదేదో ఇతనికి దక్కినట్టు చూసేది.

ఇలా ఉండగా ఒక రోజు సైనిక కుటుంబాల బాగోగులు చూసే కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళు లేరు, మేస్త్రీయే ఎత్తాడు. రాజధానిలో కొత్తగా జాతీయ యుద్ధ స్మారకం కట్టారట. యుద్ధాల్లో పోయిన ప్రతి సైనికుడి పేరూ రాతి మీద చెక్కించారట. ప్రారంభోత్సవానికి సిపాయి తల్లి, భార్య, బిడ్డ తప్పకుండా రావాలట.

“తల్లిగారు పెద్దావిడ కాబట్టి ఒక సహాయకుణ్ణి కూడా తీసుకురావచ్చండీ,” అంది అవతలి గొంతు.

“సహాయకుడంటే?”

“ఆవిణ్ణి పట్టుకోవడానికీ, సామాన్లు మొయ్యడానికీ. ఇంట్లో అలాంటివాళ్ళెవరైనా ఉన్నారా?”

మేస్త్రీ గోడ వైపు చూశాడు. “ఉన్నాడొకడు,” అన్నాడు.

రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి నలుగురూ రాజధాని చేరారు. స్మారకం గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న ఉద్యోగి అందరి మెడల్లోనూ కార్డులు వేశాడు. ముసలావిడకి ‘అమరవీరుని తల్లి’. పిచ్చుకకి ‘అమరవీరుని కుమార్తె’. మేస్త్రీకి ‘సహాయకుడు’. భార్య మెడలో కార్డు మీద పెద్దపెద్ద అక్షరాల్లో ‘అమరవీరుని భార్య’ అని ఉంది. మేస్త్రీ ఆ కార్డును ఒకటికి రెండుసార్లు చదివాడు.

“ఏంటండీ అలా చూస్తారు? కార్డేగా,” అంది ఆమె.

“నేనేమన్నాను?”

“అనలేదు. అందుకే అడుగుతున్నా.”

అతను నీళ్ళ సీసాల సంచి భుజానికి తగిలించుకుని ముందుకు నడిచాడు. సహాయకుడి పని సహాయకుడు చెయ్యాలి కదా అనుకున్నాడు కసిగా.

లోపలికి అడుగుపెట్టాక మాత్రం కాసేపు అతని కసి ఎటో పోయింది. స్మారకం అంత పెద్దదని ఊహించలేదు. నల్లరాతి గోడలు గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి, చూపు ఆనినంత దూరం తిరిగి ఉన్నాయి. మధ్యలో జ్వాల వెలుగుతోంది. గోడల నిండా పేర్లే. దూరం నుంచి చూస్తే అక్షరాలు ఆనవు, రాయికి గగుర్పాటు కలిగినట్టుంది. ఇంతమందా అనుకున్నాడు మేస్త్రీ. ఇన్ని ఇళ్ళలో ఇన్ని గోడల మీద ఇన్ని ఫొటోలు. వాటి కింద తనలాంటివాళ్ళు ఇంకెందరు సర్దుకుని కూర్చుంటున్నారో. ఒక్క క్షణం ఎవరి మీదా కోపం లేదనిపించింది. అంతలో బ్యాండు మోగింది, ముందు వరస కుర్చీలు కనపడ్డాయి, అతని కుళ్ళు తిరిగొచ్చి యథాస్థానంలో కూర్చుంది.

కుటుంబాలకు ముందు వరసలు. సహాయకులు తాడు కట్టిన గీత వెనక నిలబడాలి. మేస్త్రీ పక్కన ఎవరికో చక్రాల కుర్చీ తోసుకొచ్చిన తెలుగు డ్రైవరు ఉన్నాడు, మంచి మనిషి, వద్దన్నా తన గొడుగు సగం ఇతని మీదికి పట్టాడు. పెద్దలు మాట్లాడారు. పూలు పెట్టారు. తుపాకులు పేల్చి వందనం చేశారు. భార్య నిటారుగా కూర్చుని ఉంది. వెనక నుంచి ఆమె మెడ, ముడి తప్ప మేస్త్రీకి ఏమీ కనపడలేదు. ఏడుస్తోందా? ఏడిస్తే ఎంత ఏడుస్తోంది? తను పోతే అంత ఏడుస్తుందా? ఇలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు, అయినా మెడ చూడటం మానలేదు.

కార్యక్రమం మధ్యలో తెలుగు టీవీ అమ్మాయి ఒకామె మైకు పట్టుకుని ముందు వరసలోకి వచ్చింది. కుటుంబాలతో మాట్లాడుతోంది. ఆ మొహాలు పెద్ద తెర మీద కనపడుతున్నాయి. ఆమె తిరిగి తిరిగి పిచ్చుక ముందు ఆగింది.

“మీ నాన్నగారి గురించి నీకు బాగా గుర్తున్నదేంటమ్మా? మా అందరితో చెప్తావా?”

పిచ్చుక లేచి నిలబడింది. తెర మీద దాని మొహం ఇంటి గోడంత ఉంది. గుటక మింగడం కూడా కనపడింది. మేస్త్రీ తాడు గట్టిగా పట్టుకున్నాడు. పాకడం రానప్పుడు పోయిన మనిషి గురించి బిడ్డకేం గుర్తుంటుంది? ఈ పిల్లనెందుకు ఇరికించారు?

“మా నాన్నగారు నాకు సైకిలు నేర్పారండీ,” అంది పిచ్చుక.

మేస్త్రీ తాడు వదిలేశాడు.

“వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవారు. ‘పట్టుకునే ఉన్నా, తొక్కు తొక్కు’ అని అరిచేవారు. తిరిగి చూస్తే ఎప్పుడో వదిలేసి, వీధి చివర నడుము పట్టుకుని నిలబడి ఉండేవారు. అబద్ధం చెప్పారేంటని ఏడిస్తే, ‘నిజం చెప్తే పడిపోయేదానివి’ అన్నారు.”

జనం మురిసిపోయారు. టీవీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. “ఇంకా?”

“నాకు జ్వరమొస్తే పాత స్ప్రింగులు తెచ్చి పక్క మీద గంతులేయించేవారు. నేను నవ్వేదాకా ఊరుకునేవారు కాదు. ఇంకా... నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.”

“మేకులా?” అంది టీవీ అమ్మాయి.

పిచ్చుక తడబడింది. “అంటే... ఇంట్లో ఏవో పనులు చేసేటప్పుడండీ.”

చప్పట్లు మోగాయి. గొడుగు పట్టుకున్న డ్రైవరు ముక్కు చీదుకుని, “ఎంత ముద్దుగా పెంచాడో చూడండి, పాపం!” అన్నాడు.

“అవి నా మేకులు,” అన్నాడు మేస్త్రీ.

“ఏంటండీ?”

“సైకిలు కూడా నాదే.”

డ్రైవరు అతని వంక ఓసారి, అతని మెడలో కార్డు వంక ఓసారి చూసి, ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు గొడుగు మొత్తం ఇటే జరిపాడు.

మేస్త్రీకి లోపల మండిపోతోంది. ఇన్నాళ్ళూ ఫొటోలోని మనిషి అతని దగ్గర ఏమీ తీసుకోలేదు. గోడ మేస్త్రీయే ఇచ్చాడు. పొద్దున్నే పొడిగుడ్డ, ఆ ‘గారు’ సిపాయి తన వెంట తెచ్చుకున్నవి. కానీ సైకిలు? ఆ ఎండాకాలమంతా వీధిలో పరిగెత్తింది ఎవరు? నడుము అప్పట్నుంచే కదూ పట్టేయడం మొదలైంది? తనకంటూ ఉన్నవి అవే. అవి కూడా దేశం ముందు, తెర మీద, చప్పట్ల మధ్య, ఆ కుర్రాడి ఖాతాలో పడిపోయాయి. ఇచ్చింది ఇంకెవరో అయితే ఊరుకునేవాడేమో. ఇచ్చింది పిచ్చుక.

సభ ముగిసింది. కుటుంబాలను గోడల దగ్గరికి వదిలారు. మేస్త్రీ కదలకుండా తాడు దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి భార్య గబగబా వచ్చింది.

“ఏవండీ, ఒకసారి రండి.”

“ఎందుకు? సహాయకుడితో పనిపడిందా?”

ఆమె అతని మొహంలోకి చూసింది. “పడింది,” అంది.

సిపాయి పేరున్న రాయి గోడకు బాగా పైన ఉంది. ముసలావిడ దాని కింద నిలబడి తల వెనక్కి వాల్చి చూస్తోంది. పక్కనే మరో తల్లి తన కొడుకు పేరు మీద చెంప ఆనించుకుని ఏడుస్తోంది. ఆ పేరు ఆమె గుండెల ఎత్తున ఉంది. ముసలావిడ ఆమె వైపు చూసే చూపు మేస్త్రీకి బాగా తెలిసిన చూపు.

“అందరి పిల్లలూ చేతికందుతున్నారు. నా కొడుకుని మాత్రం ఆకాశంలో పెట్టారు,” అంది ముసలావిడ. “నేను ముట్టుకోవాలి. ముట్టుకోకుండా ఇక్కణ్ణుంచి కదలను.”

కాపలా జవాను ఒక స్టూలు తెచ్చాడు. ఆవిడ దాని మీద కాలు పెట్టి వణికిపోయింది. పిచ్చుక పట్టుకోబోతే కసిరింది. కోడలు సర్ది చెబుతుంటే వినలేదు. మేస్త్రీ సంచి కింద పెట్టాడు.

“నేను ఎత్తనా?” అన్నాడు.

ముసలావిడ అతని చేతుల వైపు చూసింది. గోడ వైపు చూసింది. ఇంట్లో అయితే గోడనే పట్టుకునేది. ఈ గోడ మీద పట్టుకోవలసింది అందట్లేదు.

“ఎత్తు,” అంది.

అతను వంగి ఆవిడ మోకాళ్ళ చుట్టూ చేతులు వేసి పైకి లేపాడు. ఎంత తేలిగ్గా ఉంది! లోపలి దూదంతా పోయి చెక్క ఒక్కటీ మిగిలిన పాత కుర్చీలా ఉంది. ఇంతేనా ఈ మనిషి, ఇన్నేళ్ళూ తనను ఒక్క చూపుతో పక్కకి జరిపింది ఈవిడేనా అనుకున్నాడు.

“కాస్త ఎడమకి... ఇంకా పైకి... నెమ్మదయ్యా! పడేశావంటే నా పేరు కూడా ఇక్కడే చెక్కాల్సొస్తుంది.”

జవాను మొహం తిప్పుకుని నవ్వాడు. ముసలావిడ వేళ్ళు రాతి మీద తడుముకుంటూ వెళ్ళి ఆగాయి. ఆవిడకు చదువు రాదు.

“ఇదేనా? వాడి పేరు ఇక్కణ్ణుంచేనా మొదలు? చదువు.”

మేస్త్రీ తలెత్తి ఒక్కో అక్షరమే పైకి చదివాడు. అతను చదివిన అక్షరం మీద ఆవిడ వేలు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆ పేరు అతని నోటి నుంచి రావడం అదే మొదలు. ఆఖరి అక్షరం దగ్గర ఆవిడ ఒళ్ళంతా ఒకసారి కుదిపినట్టయింది. ఆ కుదుపు అతని చేతుల్లోకి, భుజాల్లోకి వచ్చింది. నడుము కలుక్కుమంది. అయినా ఆవిడ “చాలు” అనేదాకా దింపలేదు.

దింపాక ఆవిడ అతని భుజం పట్టుకునే నిలబడింది.

ఇంత జరిగినా మేస్త్రీకి కోపం తగ్గలేదు. బస్సు కోసం పచ్చిక అంచున కూర్చుని ఎదురుచూస్తుంటే పిచ్చుక వచ్చి పక్కన చతికిలబడింది. కాసేపు గడ్డి పీకింది.

“నాన్నా, కోపమొచ్చిందా?”

“నాకెందుకు?”

“నీకు కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి.”

“ఎండ.”

“సైకిలు గురించేగా?”

మేస్త్రీ బస్సు వచ్చే వైపు చూశాడు. పిచ్చుక గొంతు సన్నబడింది.

“ఆవిడ అడిగింది నాన్నా. అందరూ చూస్తున్నారు. నా పక్కన కూర్చున్న అబ్బాయి వాళ్ళ నాన్న గురించి ఎన్ని చెప్పాడో! నాకు ఒక్కటి కూడా లేదు. ఫొటో తప్ప ఏం తెలీదు. ఏమీ గుర్తులేదంటే ఆయన అసలు లేనట్టే అయిపోతాడు కదా. అందరి ముందూ. పాపం అనిపించింది. నీ దగ్గరేమో బోలెడున్నాయి. అందుకని రెండు మూడు ఇచ్చా.”

మేస్త్రీ దాని చేతిలోని గడ్డి తీసుకుని పక్కన పడేశాడు. అయినా మనిషి మనిషే.

“ఇస్తే ఇచ్చావులే. ఇంకేదైనా ఇవ్వొచ్చుగా. సైకిలే ఎందుకివ్వాలి?” అన్నాడు.

“మరి నాకు అన్నిట్లోకీ అదే ఇష్టం.”

“నాకూ అదే ఇష్టం!”

“ఇష్టం లేనిది ఇస్తే ఏం బాగుంటుంది నాన్నా?” అంది పిచ్చుక.

 మేస్త్రీ మెడలోని కార్డు తీసి సంచిలో పడేసి, పిల్ల తల మీద చెయ్యి వేశాడు. కోపం పోయిందా అంటే పోలేదు. కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియని కోపం ఎంతసేపు నిలుస్తుంది?

తిరుగు రైలు పగలు బయల్దేరింది. ముసలావిడ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పిచ్చుక పై బెర్తు ఎక్కింది. ఎదురుగా కూర్చున్న భార్యను మేస్త్రీ చాలాసేపు చూశాడు. చివరికి అడిగేశాడు.

“ఆయన ఎలాంటివాడు?”

ఆమె ఉలిక్కిపడింది. “ఎవరు?” అని మాత్రం అనలేదు.

“ఎప్పుడైనా అడుగుతారని పెళ్ళయినప్పట్నుంచీ చూశా. అడగలేదు. మీకు ఇష్టం లేదేమో, ఆయన ఊసెత్తితే బాధపడతారేమో అనుకున్నా.”

“నువ్వు చెప్పలేదు కాబట్టి, చెప్పుకోలేనంత గొప్పదేదో ఉందనుకున్నాను నేను.”

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. “గొప్పదేం లేదండీ. అసలు ఉంటే కదా. సెలవులకొచ్చినప్పుడు ఉన్నదే కాపురం. వచ్చిన వారానికి అలవాటు పడేవాళ్ళం, ఇంకో వారానికి వెళ్ళిపోయేవారు. మంచివారు. టీ చల్లారబెట్టుకుని తాగేవారు. ఇంకా...” ఆగిపోయింది. “గొంతు మర్చిపోయానండీ. ఎంత ప్రయత్నించినా గుర్తు రావట్లేదు. పొద్దున్నే అద్దం తుడుస్తూ రోజూ ప్రయత్నిస్తా. ఎవరికైనా చెబితే ఏమనుకుంటారు? చెప్పడం మొదలుపెడితే ఎంత కొంచెముందో బయటపడిపోతుందని నోరెత్తలేదు.”

మేస్త్రీ నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళూ తను మంచం మీంచి కుళ్ళుకుంటూ చూసింది దీన్నా? ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాడు.

“అది నన్నడగాలి,” అంది ముసలావిడ కళ్ళు మూసుకునే. నిద్రపోలేదన్నమాట. “దానికేం తెలుసు, దానికి దొరికింది కాస్తంత. కన్నదాన్ని నేనున్నాగా. ఏం కావాలి నీకు?”

“ఏదైనా ఒక చెడ్డ మాట చెప్పండి,” అనేశాడు మేస్త్రీ, తనకే తెలియకుండా.

భార్య కంగారుగా చూసింది. ముసలావిడ కళ్ళు తెరిచింది. కోపం వస్తుందనుకుంటే, ఆవిడ మూతి ఒక పక్కకి తిరిగింది.

“చెడ్డవా? కుళ్ళుబోతు వాడు. పచ్చి కుళ్ళుబోతు. సైన్యంలో ఎందుకు చేరాడనుకున్నావ్? దేశమా? వీధిలో వీడి ఈడువాడొకడు చేరి, సెలవుకొచ్చాడు. నిగనిగలాడే బూట్లేసుకుని టకటకా నడిచాడు. వీధంతా వాడి కాళ్ళే చూసింది. మావాడు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ‘వాడి మొహానికి బూట్లేంటమ్మా!’ అని ఒకటే గొణుగుడు. తర్వాతి భర్తీకి వెళ్ళి వరసలో నిలబడ్డాడు.”

పై బెర్తు మీంచి పిచ్చుక తల కిందికి వేలాడింది. “నిజంగానా నానమ్మా?”

మేస్త్రీ పకపకా నవ్వాడు. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టోపీ వంచుకున్న ఆ కుర్రాడు అన్నం ముందు కూర్చుని, ఎవడి బూట్లనో తలుచుకుని మూతి ముడుచుకుని ఉండటం కళ్ళకు కట్టింది.

“మరి ఆ బూట్లవాడు?”

“వాడా? కాళ్ళకి పుళ్ళు పడ్డాయని ఏడాది తిరక్కుండా మానేసి వచ్చేశాడు. ఇప్పుడు పిల్లలతో ఆడుకుంటున్నాడు.” ముసలావిడ కాసేపు కిటికీలోంచి చూసింది. “మావాడూ వచ్చేస్తాడనుకున్నా. రాలేదు. ఎందుకురా ఇంకా అక్కడ, బూట్లు దొరికాయిగా అంటే, ‘పని బాగుందమ్మా’ అన్నాడు. తెగిన తీగ కలపగానే అవతలివాడి మాట వినపడుతుందట. అది వినడం వాడికి చాలా ఇష్టమట.”

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. పని బాగుంది. ఆ మాట అతనికి అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు. కూలబడిన సోఫాకి చివరి బిగింపు బిగించి, అరచేత్తో నొక్కి, అది తిరిగి లేచినప్పుడు కలిగే తృప్తి అతనికి తెలుసు. ఇన్నేళ్ళూ గోడ మీది మనిషిని వీరుడనే అనుకున్నాడు. పనివాడని ఎవరూ చెప్పలేదు.

“ఇంకోటి చెప్పండి,” అన్నాడు.

ఊరు వచ్చేదాకా ఆవిడ చెబుతూనే ఉంది. కోళ్ళంటే భయమట. ఈల వేయడం రాదట, నేర్చుకుందామని ఒక వేసవంతా ఊది ఊది పెదాలు పగలగొట్టుకున్నాడట. పిచ్చుక కడుపులో ఉన్నప్పుడు ఆడపిల్లేనని పందెం కాశాడట, పుట్టాక ‘గెలిచావురా’ అని ఈవిడ ఫోన్‌లో చెబితే అవతల వాడికి నోట మాట రాలేదట. పిచ్చుక ఆ చివరిదాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. దానికిప్పుడు సొంతంగా ఒకటి దొరికింది. అది వినే మొహం చూస్తుంటే మేస్త్రీకి ఎక్కడో మళ్ళీ చిన్నగా చురుక్కుమంది. పోనీలే అనుకున్నాడు.

ఆ తర్వాత ముసలావిడకు ఒక కొత్త అలవాటయింది. మధ్యాహ్నాలు దుకాణంలోకి వచ్చి, పని మీద ఉన్న ఏదో ఒక కుర్చీలో కూర్చునేది. మొదట్లో అన్నీ కొడుకు కబుర్లే. మేస్త్రీ పట్టీలు బిగిస్తూ వినేవాడు. అతని భార్య మూలన మిషను మీద గలేబులు కుట్టేది. ఒకరోజు చెప్పవలసినవి అయిపోయాయో, అలసిపోయిందో, ఆవిడ కాసేపు అతని పని చూస్తూ ఊరుకుంది.

“అదేం పట్టుకోవడమయ్యా సుత్తి, ఎడం చేత్తో?” అంది ఉన్నట్టుండి.

“చిన్నప్పట్నుంచీ అంతేనండీ.”

“మీ అమ్మ మాన్పించలేదా?”

మేస్త్రీ సుత్తి పక్కన పెట్టాడు. అతని తల్లి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అందరికీ తెలిసింది ఆవిడ ఎప్పుడో పోయిందని, అంతే.

“మాన్పించాలని ఎడం చెయ్యి నడుముకి కట్టేసేదండీ. నేను కుడిచేత్తో అన్నం తినడం రాక ఏడిస్తే, తనూ ఎడం చెయ్యి కట్టేసుకుని ఎదురుగా కూర్చుని, ‘చూడు, నేను తినట్లేదా?’ అనేది. ఆవిడది కూడా పుర్రచెయ్యే. మెతుకులన్నీ మీద పోసుకునేది. ఇద్దరం నవ్వలేక చచ్చేవాళ్ళం. తర్వాత విప్పేసింది.”

“మరి మన ఇంట్లో ఎవరిదీ పుర్రచెయ్యి కాదే అనుకున్నా, అయితే మీ అమ్మ పోలికన్నమాట,” అని ముసలావిడ కుర్చీలో వెనక్కి వాలింది. “ఇంకా చెప్పు. ఎలా ఉండేది మనిషి?”

మిషను చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని మేస్త్రీకి అప్పుడు తెలిసింది. తిరిగి చూశాడు. భార్య సూది కింద గుడ్డ అలాగే వదిలేసి అతన్నే చూస్తోంది.

“ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేం?” అంది. “అత్తయ్య అడిగితే మాత్రం చెప్తారా?”

ఆ గొంతులో ఉన్నదేమిటో మేస్త్రీ ఇట్టే గుర్తుపట్టాడు. అది ఎలా మొదలవుతుందో, ఎక్కడెక్కడ గుచ్చుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? తన కోసం ఒకరు అలా కుళ్ళుకుంటారని మాత్రం అతను కలలో కూడా అనుకోలేదు. చెవులు వెచ్చబడ్డాయి.

“నువ్వూ ఇలా వచ్చి కూర్చో, చెప్తా,” అని, దులిపి ఒక కుర్చీ ముందుకు జరిపాడు.